కళ్ళు మూసుకుని మొక్కాలి

స్టేడియం మెట్ల కింద జట్టు గది, పైన రేకుల మీద మధ్యాహ్నపు వాన, బేస్‌బాల్ ఆట ఆగింది. లోపల ముగ్గురు: ఎడంచేత్తో బంతి విసిరే తమ్ముడు, అతని కనుబొమకి కుట్లు వేస్తున్న డాక్టరక్క, ఇద్దరినీ పెంచిన బాబాయి, అంటే జట్టు కోచ్.

"కదలకురా! సూది కంట్లో దిగుతుంది."

"మత్తు లేకుండా కుడితే కదలక ఏం చెయ్యను అక్కా?"

"మత్తుమందు అయిపోయింది. ఉన్నదంతా నువ్వు పడగొట్టినవాడికి ఇచ్చొచ్చాను."

"ఎలా ఉన్నాడు?"

"ఎవరు?"

"వాడే. ఏడో నంబరు."

"పేరు లేదా వాడికి?"

"పేరెందుకిప్పుడు? ఎలా ఉన్నాడో చెప్పు."

"చెవిలోంచి రక్తం కారుతోంది. అమ్మ ఏదీ, అమ్మ ఏదీ అని పలవరిస్తున్నాడు. వాళ్ళమ్మ సముద్రానికి అవతల ఎక్కడో ఉంది. నా చెయ్యే పట్టుకుని అమ్మా అంటున్నాడు. సరిపోయిందా?"

"బతుకుతాడుగా?"

"బంతి విసరకముందు అడగాల్సిన మాట అది."

"జారిందక్కా."

"ఆ కబుర్లు అంపైరుకి చెప్పుకో. చిన్నప్పుడు దండెం మీద క్లిప్పులు ఒక్కొక్కటే కొట్టి రాల్చేవాడివి, అమ్మ చీరకి మరక కూడా అంటేది కాదు. నీ చేతిలో బంతి జారడం నేను పుట్టి బుద్ధెరిగి చూళ్ళేదు."

"జారిందంటే జారింది."

"జారలేదమ్మా. నేనే విసరమన్నాను."

"బాబాయ్! తలుపెందుకు గడియ పెట్టావు?"

"జల్లు కొడుతోంది."

"లోపలికి ఒక్క చుక్క రావట్లేదు."

"అయితే గాలి కొడుతోంది. నువ్వు కుట్టు. అసలు ఈ గదిలోకి నిన్ను రానిచ్చిందే ఎక్కువ."

"నా గదిలో మంచమంతా వాడి రక్తమే. ఇంకెక్కడ కుట్టమంటావు వీణ్ణి, మెట్ల మీదా?"

"అందుకేగా ఊరుకున్నాను. కానివ్వు, కానివ్వు. ఒరేయ్ ఎడంచెయ్యీ, ఇటు చూడు. నిన్ను కొట్టినవాడెవడు?"

"వాళ్ళ మూడో బేస్ వాడు. మోచేత్తో కొట్టాడు. నేనూ ఊరుకోలేదు బాబాయ్. వాడి ముక్కు నా గుప్పిట్లో కరకరమంది."

"శభాష్."

"శభాష్ ఏంటి బాబాయ్? వాడి ముక్కూ నేనే సరిచెయ్యాలి. రెండు జట్లకీ ఈ మైదానంలో ఉన్నది నేనొక్కదాన్నే. మీరు పగలగొట్టుకుంటూ పొండి, నేను అతుకులేసుకుంటూ వస్తాను."

"నీ చదువుకి అంతకంటే పనేముందే? ఒరేయ్, వాన తగ్గగానే బ్యాట్ పట్టుకొచ్చేది ఎవడు?"

"వాళ్ళ కెప్టెన్."

"కెప్టెన్ ఎవడి కొడుకు?"

"తెలుసుగా బాబాయ్."

"నాకు తెలుసు. నీ నోటితో విననీ."

"నాన్నని చంపినవాడి కొడుకు."

"ఆ! ఎక్కడ కొడతావు?"

"పక్కటెముకల మీద."

"పక్కటెముకలా? మీ నాన్నకి తగిలింది పక్కటెముకల మీదా?"

"తల మీద."

"మరి?"

"తలే."

"ఒరేయ్! ఏంట్రా ఆ మాట? ఏడో నంబరుకి తగిలింది చెవి పక్కన, వాడి అదృష్టం. ఇంకొంచెం పైకి తగిలుంటే నేను కుట్లు వెయ్యక్కర్లేదు, గుడ్డ కప్పేదాన్ని. అదే చేత్తో ఇంకొకడినా?"

"వాడి తండ్రి ఆలోచించాడా అక్కా అలా?"

"వాడి తండ్రి సంగతి నీకేం తెలుసు? అప్పటికి నీకు పళ్ళు కూడా రాలేదు."

"బాబాయి చెప్పాడు."

"బాబాయి చెప్తే అయిపోయిందా?"

"ఎవరు చెప్పాలే మరి? ఆ రోజు మైదానంలో ఉన్నది నువ్వా, నేనా?"

"నువ్వే బాబాయ్. నువ్వే. సరే, ఇలా తిరగరా. ఇంకొక్క కుట్టు."

"మీ నాన్న హెల్మెట్‌కి మొక్కేముందు చదివే మాటలు చదువు, ఎడంచెయ్యీ. అక్కయ్యగారూ వింటారు. మన దేశం చరిత్ర తెలియాలి కదా."

"ఇప్పుడెందుకు బాబాయ్..."

"చదువు!"

"మొదటి అంతర్జాతీయ పోటీ. మన కెప్టెన్ తల, అంటే నాన్న తల. రెండో పోటీ, వాళ్ళ గడ్డ మీద. వాళ్ళ క్యాచర్ దవడ, మన చేత. ఆ తర్వాత నాలుగు దేశాల కప్పు. మన రెండో బేస్ వాడి మోకాలు, వాళ్ళ చేత. ఖండం పోటీలు. వాళ్ళ బంతి విసిరేవాడి వేళ్ళు, మన చేత, బూటు కింద. స్నేహ మ్యాచ్..."

"స్నేహ మ్యాచ్!"

"నవ్వకక్కా. స్నేహ మ్యాచ్. మన కోచ్ కాలర్ ఎముక, వాళ్ళ చేత. వాళ్ళ షార్ట్‌స్టాప్ కన్ను, మన చేత."

"ఇదా మన దేశం బేస్‌బాల్ చరిత్ర? ఒక్క పరుగు కూడా లేదేంటి ఇందులో?"

"పరుగులు ఎవడైనా తీస్తాడు."

"మనం తియ్యలేదుగా బాబాయ్, అందుకంటున్నాను. ఒక్కసారైనా సెమీస్‌కి వెళ్ళామా?"

"ఎందుకు వెళ్ళలేదు? వెళ్ళాం."

"వెళ్ళి?"

"ఆట మధ్యలో ఆపేశారు."

"ఎందుకు?"

"కొట్టుకున్నాం."

"ఎవరితో?"

"వాళ్ళతోనే."

"సెమీస్ వాళ్ళతో కాదు బాబాయ్. ఇంకెవరితోనో. నాకు గుర్తుంది, రేడియోలో విన్నాం."

"వాళ్ళు ప్రేక్షకుల్లో ఉన్నారు. అక్కడికెళ్ళి కొట్టాం."

"బాగుంది! పైగా ఆ తర్వాత మన జట్టుని పోటీలకే రానివ్వలేదు. ఆ కాలంలో ఆడాల్సిన పిల్లలంతా బాల్యం నుంచి తిన్నగా ముసలితనంలోకి వెళ్ళిపోయారు. ఇన్నాళ్ళకి రానిచ్చారు. ఇన్నాళ్ళకి ముందంజలో ఉన్నాం. ఒరేయ్, స్కోర్ బోర్డు చూశావా అసలు?"

"చూశాను."

"ఎవరు గెలుస్తున్నారు?"

"మనమే."

"ఈ ఆట గెలిస్తే?"

"ప్రపంచ కప్పుకి."

"మన దేశం ఎప్పుడైనా వెళ్ళిందా అక్కడికి?"

"లేదు."

"ఇప్పుడు నువ్వు ఇంకొకడి తల పగలగొడితే?"

"నన్ను బయటికి పంపేస్తారు."

"నిన్ను మాత్రమేనా? జట్టునంతా పంపేస్తారు. అంపైరు నా ముందే అన్నాడు, ఇంకొక్కడికి తగిలితే ఆట రద్దు, గెలుపు వాళ్ళదేనని. చేతికి అందిన కూడు నోటికి అందకుండా చేసుకోవడమంటే ఇదే."

"కప్పు ఎవడిక్కావాలే? ఈ రోజు కోసం నేను ఎన్నాళ్ళు కాచుక్కూర్చున్నానో నీకు తెలుసా? ఆ తండ్రి కొడుకు బ్యాట్ పట్టాలి, నా అన్న కొడుకు బంతి పట్టాలి. అందుకే వీణ్ణి పెంచాను. చేతిలో గిలక్కాయ పెట్టాల్సిన వయసులో బంతి పెట్టాను."

"వాణ్ణి పెంచావా, వాడి చేతిని పెంచావా బాబాయ్?"

"ఎదురు మాట్లాడకు! నువ్వు ఈ చదువు చదివింది ఎవరి రెక్కల కష్టం మీద?"

"నీ రెక్కల కష్టం మీదే. రోజూ దణ్ణం పెట్టుకుంటాను. కానీ ఆ రెక్క కింద నా తమ్ముడు ఊపిరాడక చస్తున్నాడు."

"నేను బాగానే ఉన్నానక్కా."

"బాగున్నావా? చేతులు చూసుకో. ఎలా వణుకుతున్నాయో."

"వణకట్లేదు."

"వణుకుతున్నాయి రా. ఏడో నంబరు పడ్డాక నువ్వు అక్కడే నిలబడి నీ అరచెయ్యి చూసుకున్నావు. నేను మెట్ల మీంచి చూశాను."

"ఏయ్ ఎడంచెయ్యీ, ఇలా రా. దగ్గరికి రా. నొప్పిగా ఉందా ఇక్కడ?"

"బాబాయ్, బొటనవేలు తియ్యి! కుట్టు తెగుతుంది!"

"నువ్వుండు. నొప్పిగా ఉందా లేదా?"

"ఉంది బాబాయ్."

"ఎంత?"

"చాలా. తియ్యి బాబాయ్. తియ్యి!"

"మీ నాన్నకి ఇంతకి ఎన్ని రెట్లుంటుందో అనుకో. నా ఒళ్ళో తల పెట్టుకున్నాడు. మాట్లాడబోతే నోట్లోంచి నురగ. ఇప్పుడు చెప్పు, పక్కటెముకలా, తలా?"

"తల! తలే కొడతాను. తియ్యి!"

"రాక్షసుడా! కుట్టు తెంపేశావు. చూడు, రక్తం మళ్ళీ మొదలు. పట్టుకోరా ఈ దూది. గట్టిగా నొక్కిపట్టు."

"పోనీలే అక్కా. బాబాయి బాధ బాబాయిది. చెప్పు బాబాయ్, ఆ రోజు సంగతి ఇంకోసారి చెప్పు. అది వింటే చెయ్యి నిలబడుతుంది."

"చెప్పేదేముంది? మీ నాన్న బ్యాట్ పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత బ్యాటర్‌ని నేను. గీత పక్కనే నా బ్యాట్ పట్టుకుని నిలబడి చూస్తున్నాను. వాడు విసిరాడు. తగిలింది. అంతే, బ్యాట్ ఎత్తుకుని ముందు పరిగెత్తింది నేనే. నా వెనక జట్టంతా. వాళ్ళూ వచ్చారు. దుమ్ము లేచింది, ఎవడు ఎవణ్ణి కొడుతున్నాడో తెలీదు. నా పళ్ళు రెండు ఊడాయి. నేను ఒకడి చెవి కొరికాను, ఆ ఉప్పు రుచి ఇప్పటికీ నాలిక మీదుంది. దుమ్ము తగ్గేసరికి మీ నాన్న నేల మీదున్నాడు. తల నా ఒళ్ళోకి తీసుకున్నాను. అంపైరు వచ్చాడు. ఎవరు కొట్టారు, ఎవరు కొట్టారు అని అరుస్తున్నాడు. మీ నాన్న కళ్ళు తెరిచాడు. 'ఎవరూ కొట్టలేదు సార్. బంతి తగిలింది' అన్నాడు. ఆ తర్వాత నోరు తెరవలేదు."

"ఎవరూ కొట్టలేదు సార్, బంతి తగిలింది."

"అదీ. ప్రాణం పోతూ అన్న మాట. పోయేవాడు అబద్ధం చెప్తాడుట్రా?"

"చెప్పడు."

"నిజం నెత్తిన పెట్టుకుని పోయాడు. ఇంక నీ చెయ్యి ఎలా ఉంది?"

"నిలబడింది బాబాయ్."

"ఒక్కమాట బాబాయ్. అంపైరు 'ఎవరు కొట్టారు' అని ఎందుకడిగాడు?"

"ఎందుకడగడు? కొట్టుకుంటున్నారుగా."

"అంపైరు నిలబడేది క్యాచర్ వెనకేగా? నాన్నకి రెండడుగుల దూరంలో. బంతి తలకి తగిలుంటే ఆయన కళ్ళతో చూసుంటాడు. చూసినవాడు 'ఎవరు కొట్టారు' అనడే."

"నీకు ప్రతిదానికీ ఒక ప్రశ్న. లేరా ఎడంచెయ్యీ. వాన పల్చబడుతోంది. హెల్మెట్ దించుతాను, మొక్కుకుని వెళ్దువుగాని."

"అదేనా బాబాయ్? ఆ గుడ్డ కింద?"

"అదే. ఎన్ని దేశాలు తిరిగినా మాతోపాటే తిరుగుతుంది. నువ్వు అటు తిరుగు. ఆటగాళ్ళు తప్ప దీన్ని ఎవరూ చూడకూడదు."

"నేను ఆయన కూతుర్ని బాబాయ్."

"కూతురివైనా సరే. నియమం నియమమే. ఒరేయ్, కళ్ళు మూసుకో. తల వంచు. చెయ్యి పెట్టు."

"కళ్ళెందుకు మూసుకోవడం?"

"భక్తి అమ్మా అది, భక్తి."

"నియమం ఎవరు పెట్టారు?"

"అక్కా, ఊరుకో. ఎప్పట్నించో ఉంది."

"అదే అడుగుతున్నాను. ఎప్పట్నించో అంటే ఎవరు పెడితే ఉంది?"

"బాబాయే పెట్టాడు. ఐతే ఏంటి?"

"ఏం లేదు. ఇలా ఇవ్వు బాబాయ్."

"ముట్టుకోకు!"

"నాన్న తల మీద ఉన్నదాన్ని నేను ముట్టుకోకూడదా? వదులు. బాబాయ్, వదులు. లాగకు, పాతది, విరిగిపోతుంది. ఆ."

"అమ్మాయ్, అక్కడ పెట్టెయ్. చెప్తున్నాను నీకే. పెట్టెయ్!"

"చిన్నదిగా ఉంది. నాన్న తల ఇంత చిన్నదా? నా జ్ఞాపకంలో చాలా పెద్దది."

"అక్కా, ఏడవకు. వెళ్ళాలి నేను."

"ఏడవట్లేదు. ఒరేయ్. ఇది ఒక చెవి మీదికే దిగి ఉంది. రెండో వైపు ఖాళీ."

"అంతే అక్కా, పాతకాలం హెల్మెట్లు. బంతి విసిరేవాడి వైపు ఏ చెవి ఉంటుందో ఆ చెవికే కప్పు. కుడిచేత్తో ఆడేవాడికి ఎడమ చెవికి, ఎడంచేత్తో ఆడేవాడికి కుడి చెవికి."

"నాన్న?"

"ఎడంచెయ్యే. నాకు ఆయన చెయ్యే వచ్చిందంటారుగా అందరూ."

"కళ్ళు తెరువు."

"ఏంటక్కా?"

"కళ్ళు తెరువు ముందు! పెట్టుకో దీన్ని నీ తలకి."

"అపచారం చెయ్యకండి! ఒరేయ్, తియ్యి దాన్ని!"

"ఉండు బాబాయ్. ఒరేయ్, బ్యాట్ పట్టుకుని ఆడేటట్టు నిలబడు. నేను బంతి విసిరేదాన్ని. ఇక్కణ్ణించి నాకు నీ ఏ చెవి కనిపిస్తోంది?"

"కుడి."

"దానిమీద కప్పుందా?"

"ఉంది."

"చెయ్యి పెట్టి చూడు. కప్పు పగిలిందా?"

"లేదు. నున్నగా ఉంది."

"పగులెక్కడుంది?"

"అక్కా..."

"ఎక్కడుందో చెప్పరా."

"ఎడమ కణత మీద."

"బంతి వంకర తిరిగింది! వాడు వంకర బంతులు విసిరేవాడు, అందరికీ తెలుసు!"

"వంకర తిరిగి, నాన్న తల చుట్టూ ప్రదక్షిణం చేసి, అవతలి కణతకి తగిలిందా బాబాయ్?"

"తల తిప్పుకున్నాడు. బంతి మీదికొస్తుంటే ఎవడైనా తల తిప్పుకుంటాడు."

"తల తిప్పుకుంటే వెనకవైపు తగలాలి. ఇంకోటి చెప్పనా? నాన్న కుడి భుజం మీద బంతి కుట్ల గుర్తు ఎర్రగా అచ్చు పడిందని అమ్మ ఎప్పుడూ అనేది. ఒక్క బంతి భుజానికీ తగిలి, అవతలి కణతకీ తగులుతుందా?"

"మీ అమ్మకి ఏం తెలుసు? దుఃఖంలో ఉంది."

"దుఃఖంలో ఉన్నవాళ్ళకే అన్నీ గుర్తుంటాయి. ఒరేయ్, ఆ పగులు మీద వేలు పెట్టు. గుండ్రంగా ఉందా?"

"లేదు. పొడుగ్గా ఉంది. అరచెయ్యంత."

"ఈ ఆటలో రోజూ చూస్తావు నువ్వు. ఏది తగిలితే అంత పొడుగ్గా పగులుతుంది?"

"బ్యాట్."

"వాళ్ళు బ్యాట్‌తో కొట్టారు! అవును! గొడవలో వాళ్ళే కొట్టారు! ఐతే ఏంటి, చంపింది వాళ్ళేగా! వెళ్ళరా ఎడంచెయ్యీ, వాన ఆగింది, వెళ్ళు!"

"బాబాయ్, ఇప్పటిదాకా బంతి అన్నావు."

"బంతో, బ్యాటో! వాళ్ళేగా!"

"వాళ్ళ చేతుల్లో బ్యాట్లుండవు బాబాయ్. నాన్న ఆడుతున్నప్పుడు వాళ్ళు ఫీల్డింగ్‌లో ఉన్నారు. చేతికి తొడుగులుంటాయి, బ్యాట్లుండవు. బ్యాట్లు మన దగ్గరే ఉంటాయి."

"తమ్ముడూ, మెల్లిగా."

"తర్వాత బ్యాటర్ ఎవరు బాబాయ్? బ్యాట్ పట్టుకుని ముందు పరిగెత్తింది ఎవరు?"

"నన్నలా చూడకు. నీకు అన్నం కలిపి పెట్టిన చెయ్యి ఇది."

"కుడిచెయ్యి. ఎదురుగా నిలబడి కుడిచేత్తో ఊపితే తగిలేది ఎదుటివాడి ఎడమ కణతకే. నాన్న నీకు ఎదురుగా ఎందుకు నిలబడ్డాడు? మన వైపు తిరిగి ఎందుకు నిలబడ్డాడు?"

"అడ్డమొచ్చాడు!"

"ఎవరికి?"

"వాడెందుకు అడ్డం రావాలి? భుజానికి తగిలిన బంతిని దులుపుకుని, నవ్వుకుంటూ, రెండు చేతులూ చాపి అడ్డమొచ్చాడు. ఆగండ్రా, ఆట ఆడండ్రా అని. నేను వాడి వెనక ఉన్నవాడి కోసం ఊపాను. సొంత తమ్ముడికి అడ్డమొస్తారా ఎవరైనా? చెప్పమ్మా, నువ్వు చదువుకున్నావు, వస్తారా?"

"ఈ దవడలు, ఈ మోకాళ్ళు, ఈ కళ్ళు... అన్నీ ఉత్తిదేనా బాబాయ్? ఇందాక ఏడో నంబరు చెవిలో రక్తం ఉత్తిదేనా? వాడు నన్నేం చేశాడు? వాడి పేరు కూడా తెలీదు నాకు!"

"వాళ్ళూ మనల్ని కొట్టారుగా..."

"మనం మొదలుపెట్టాకే కదా! మరి ఈ హెల్మెట్ ఎందుకు దాచావు? పారేస్తే పోయేదిగా!"

"వాడి తల వాసన ఉండేదిరా దాంట్లో. చాలా రోజులు ఉండేది. పారెయ్యబుద్ధి కాలేదు."

"తమ్ముడూ! బ్యాట్ కింద పెట్టు. బ్యాట్ కింద పెట్టరా!"

"అక్కా, పక్కకి జరుగు."

"జరగను."

"జరుగు! నేను వీణ్ణి చంపుతాను. నన్ను హంతకుణ్ణి చేశాడు వీడు, నిజంగా ఒకణ్ణి చంపి చూపిస్తాను!"

"నాన్న జరిగాడా? నేనూ జరగను. కొట్టు. నన్ను కొట్టి ఆ తర్వాత బాబాయిని కొట్టు."

"అక్కా, దణ్ణం పెడతాను, అడ్డం రాకు. నా చెయ్యి నా మాట వినట్లేదు."

"నాకొక్కటి చెప్పు బాబాయ్, వీడు కొట్టేలోపు. నాన్నకి తెలుసు కదా కొట్టింది నువ్వేనని? కళ్ళెదురుగానే ఉన్నావు కదా? మరి బంతి తగిలిందని ఎందుకన్నాడు? ప్రాణం పోతూ అబద్ధం ఎందుకాడాడు?"

"అదే నేనూ అడుగుతున్నాను! చెప్పు! ఎందుకన్నాడు?"

"నోరు విప్పు బాబాయ్! ఆ ఒక్క మాట మీదేగా ఇన్నాళ్ళూ మేం బతికింది!"

"చెప్తే మీకు అర్థం కాదు."

"అర్థం కాదా? అర్థం కాదా నాకు!"

"ఒరేయ్ ఆగు! ఎత్తకు! తమ్ముడూ!"

"అమ్మాయ్, పక్కకి తప్పుకో... తప్పుకోవే!"

"బాబాయ్, నన్ను తొయ్యకు, బాబాయ్..."

"నా వెనక ఉండు. కొట్టరా ఎడంచెయ్యీ!"

"వద్దు! వద్దురా! అయ్యో!"

"..."

"బాబాయ్! బాబాయ్, నన్ను చూడు. కళ్ళు మూసుకోకు. అటు కాదు, నా వైపు చూడు. ఒరేయ్, వదిలెయ్ ఆ బ్యాట్‌ని! దూది ఇటు పారెయ్. ఎంత ఉంటే అంత!"

"అక్కా, నేను... నిజంగా తగులుతుందనుకోలేదు అక్కా. చివర్లో ఆపబోయాను. చెయ్యి ఆగలేదు. బాబాయ్, లే. లే బాబాయ్."

"కుడి చెవి పైన తగిలింది. ఎముక లోపలికి నొక్కుకుంది. కదిలించకు. తల నీ ఒళ్ళో పెట్టుకో, నిటారుగా. అలా. ఏడవడం తర్వాత."

"బాబాయ్, నీ చొక్కా అంతా... అక్కా, ఎంత రక్తమో చూడు!"

"ఎడంచెయ్యీ..."

"ఇక్కడే ఉన్నాను. ఇక్కడే ఉన్నాను బాబాయ్."

"బ్యాట్... బల్ల కిందికి తన్ను."

"ఏంటి బాబాయ్?"

"బల్ల కిందికి. తొందరగా. తలుపు..."

"తలుపు కొడుతున్నారక్కా."

"కొట్టనీ. ఇలా నొక్కిపట్టు నువ్వు. నేను తీస్తాను."

"కోచ్ గారూ! అంపైర్ని. వాన ఆగింది, మైదానం ఆరబెడుతున్నారు. మీ బంతి విసిరేవాణ్ణి పంపిస్తే... ఏంటిది? డాక్టరమ్మా, ఏంటీ రక్తం? పడిపోయారా కోచ్ గారు? కాదే, ఇది పడితే తగిలే దెబ్బ కాదే! ఎవరు కొట్టారు? నువ్వు చెప్పవయ్యా, ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నావుగా! ఎవరు కొట్టారు ఈయన్ని?"

"సార్, నేను..."

"నువ్వు నోర్ముయ్యరా."

"బాబాయ్, మాట్లాడకు, రక్తం..."

"ఎవరూ కొట్టలేదు సార్. బంతి తగిలింది."